ఒంటిరెక్క పక్షులు

ఆ రోజుల్లో పద్యానికి భావం ఒక్కటే ఉండేది. అది మా తెలుగు మాస్టారి దగ్గర ఉండేది. ఇప్పుడు బజారుకి వెళితే అచ్చేసిన భావాలు దొరుకుతున్నాయి, ఒక్కో పద్యానికి మూడు నాలుగు రకాలు. ఏది నచ్చితే అది కొనుక్కోవచ్చు. (మా మనవరాలు మొన్న ఒకటి పట్టుకొచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను.) నేను ఏలూరులో థర్డ్ ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో క్లాసు, చదివిన పంతొమ్మిదివందల ముప్పైలలో ఇలాంటి సదుపాయాలేవీ లేవు. మాస్టారు పద్యం రాగం తీసి చదివేవారు, ఒక పట్టు పొడుం పీల్చేవారు, ఆనక కళ్ళు మూసుకుని "భావము" అనేవారు. ఆ మాట వినపడగానే నలభై మందిమీ కలాలు సిరాలో ముంచేవాళ్ళం. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని, రాసింది రాసినట్టు బట్టీ పట్టి, పరీక్షలో మళ్ళీ ఆయనకే అప్పగించాలి. అందుకని ఆయనకి భావం మాస్టారని పేరు. అసలు పేరు చాలామందికి తెలియదు. నాకు తెలుసుగాని, చెప్పను.

ఇందులో కష్టమేముంది అని మీకనిపించవచ్చు. నలభై మందిలో ముప్పైతొమ్మిది మందికి ఏ కష్టమూ లేదు. కష్టమంతా నాకే, ఎందుకంటే నేను కొల్లేటి గట్టు మీంచి వచ్చాను. మా పల్లెలో వానాకాలం ఇంటి వెనకదాకా నీళ్ళొస్తాయి. చలికాలంలో నీళ్ళు వెనక్కి తీశాక ఆ మెత్తటి నేలలో వరి చల్లుతాం. చల్లిన మర్నాటి నుంచీ పక్షులు దిగుతాయి. పరజ బాతులు, కొంగలు, పేరు తెలియనివి ఇంకెన్నో. వాటిని తోలడానికి తెల్లారగట్ల గట్టు మీద ఒక కుర్రవాడు ఖాళీ కిరసనాయిలు డబ్బా వాయిస్తూ తిరగాలి. పన్నెండో ఏడు వచ్చేదాకా మా ఇంట్లో ఆ కుర్రవాణ్ణి నేనే. ఆ డబ్బా తప్పించుకోవడానికే ఏలూరులో మా పెద్దమ్మగారింట్లో ఉండి చదువుకుంటానని ఏడ్చి సాధించాను. చదువు మీద ప్రేమ అని అందరూ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

సరే, థర్డ్ ఫారం పుస్తకంలో ఒక పద్యం ఉంది. తెల్లవారుజామున ఒక సరస్సు మీద తెల్లటి పక్షుల గుంపు, ఉన్నట్టుండి అన్నీ ఆకాశంలోకి ఎగిరిపోతాయి. అంతే పద్యం. మాస్టారు కళ్ళు మూసుకుని భావం చెప్పారు: సరస్సు అంటే సంసారం, పక్షులు జీవాత్మలు, ఎగిరిపోవడం మోక్షం. నేనూ రాసుకున్నాను. కాని పరీక్షలో ఆ పద్యం కనపడగానే నా మనసు పుస్తకం వదిలేసి గట్టు మీదికి పోయింది. పక్షులు ఊరికే ఎగరవు, ఎవరో డబ్బా వాయించి ఉంటారు, అందువల్ల రైతుకు మేలు కలిగింది అని రాసి వచ్చాను. కాగితం మీద మాస్టారు వేసిన సున్నా గుండ్రంగా, కోడిగుడ్డంత ఉంది.

దానితో నాకు బుద్ధి వచ్చింది. పైకి కనపడేది ఒకటి, అసలుది ఒకటి అన్నమాట, సరేనని నిశ్చయించుకున్నాను. రెండో పరీక్షలో ఇంకో పద్యం ఇచ్చారు, ఒక తల్లి బిడ్డకి అన్నం ముద్దలు కలిపి పెడుతుంటుంది. నేను ఈసారి మోసపోదలుచుకోలేదు. అన్నం జీవాత్మ అనీ, తల్లి సంసారమనీ, బిడ్డ మింగడం మోక్షమనీ చక్కటి దస్తూరీతో రాశాను. మాస్టారు నన్ను బల్ల దగ్గరికి పిలిచి, ఆ సమాధానం క్లాసుకంతా చదివి వినిపించి, "అన్నం అంటే అన్నమేరా" అన్నారు. కోప్పడలేదు. నిజంగా బాధపడ్డారు. మరి పక్షి పక్షి ఎందుకు కాదండీ అని అడగాలని నా నాలిక చివరిదాకా వచ్చింది గాని, మళ్ళీ లోపలికే పోయింది. ఏది ఎప్పుడు అదే అవుతుందో, ఎప్పుడు ఇంకొకటవుతుందో ఈ లోకంలో అందరికీ ఎవరో చెప్పేశారు, ఆ రోజు నేను బడికి రాలేదు అనిపించింది.

రెండు సున్నాల కబురూ మా నాన్నకి చేరింది. ఆయన ధాన్యం బండితో ఏలూరు వచ్చినప్పుడు పెద్దమ్మగారి అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకున్నాడు. లెక్కల్లో తప్పితే సరేలే అనుకుందును, పుట్టినప్పట్నించీ మాట్లాడుతున్న తెలుగులో సున్నా ఎలా వచ్చిందిరా అని చాలా మెల్లిగా అడిగాడు. నాకూ అదే ఆశ్చర్యంగా ఉందని చెప్పాను. ఆయన, "పెద్ద పరీక్షలో కూడా తెలుగు తప్పావంటే పెట్టె తీసుకుని వచ్చెయ్యి. డబ్బా ఖాళీగానే ఉంది" అని చెప్పి బండెక్కాడు. ఆ వేళ నుంచి నాకు ఏ చప్పుడు విన్నా రేకుడబ్బా చప్పుడే.

ఇది చాలదన్నట్టు డ్రాయింగు మాస్టారు ఒకరుండేవారు. మిషను చర్చి పక్క వీధిలో ఉండేవారు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు. చీమకి కూడా 'అండీ' తగిలించి మాట్లాడే మనిషి. మమ్మల్ని కూడా మీరనేవారు. ఆయన ఒకరోజు చట్రం కట్టిన సీమ బొమ్మ ఒకటి తెచ్చి గోడకి తగిలించారు. కిటికీ దగ్గర ఒకావిడ కూర్చుని ఏదో కుట్టుకుంటోంది. ఏం కనిపిస్తోందో చెప్పమని నన్ను లేపారు. అప్పటికి దెబ్బలు తిని ఉన్నాను కదా, జాగ్రత్తగా ఆలోచించి, "జీవాత్మ అండి" అన్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, బొమ్మ వంకా నా వంకా చూసి, "కళ్ళతో చూసి చెప్పండి బాబూ. ఆవిడ చెప్పులేసుకుందా, లేదా?" అన్నారు. నేను చూడలేదు. ఆవిడకి కాళ్ళున్నట్టే గమనించలేదు. ముందు ఉన్నది చూడండి, అర్థం ఎక్కడికీ పోదు అని ఆయన సలహా. చూడకురా, చెప్పింది రాయరా అని తెలుగు మాస్టారి సలహా. సోమవారం ఒకరి క్లాసు, మంగళవారం ఒకరి క్లాసు. బుధవారం నాటికి నాకు తలనొప్పి వచ్చేది.

ఇంతలో ఇన్‌స్పెక్టరుగారు బడి చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. హెడ్మాస్టరుగారికి ఒక ఊహ వచ్చింది. ఒక కుర్రవాడు పద్యం చదివి భావం చెప్పాలి, ఆ పద్యానికి తగ్గ బొమ్మ గీసి వెనక గోడకి తగిలించాలి, తెలుగూ డ్రాయింగూ కలిసి నడుస్తున్నట్టుంటుంది అని. పద్యం ఏదీ అంటే పక్షుల పద్యం. పద్యం చదివి బొమ్మ ఎవరు గీస్తారంటే, సరస్సు చూసినవాడు క్లాసులో ఒక్కడే ఉన్నాడని ముప్పైతొమ్మిది వేళ్ళు నా వైపు చూపించాయి. భావం మాస్టారు నన్ను పక్కకి తీసుకెళ్ళి, బొమ్మలో జీవాత్మ కనిపించాలనీ, ఇన్‌స్పెక్టరుగారి ముందు భావం తప్పితే పై క్లాసు మాట మరిచిపొమ్మనీ చెప్పారు. డ్రాయింగు మాస్టారు, "మీరు చూసిన పక్షిని గీయండి బాబూ, చాలు" అన్నారు. నేను ఇద్దరికీ అలాగేనండి అన్నాను.

జీవాత్మని ఎలా గీస్తారు? రెండు రోజులు తెల్ల కాగితం ముందు కూర్చున్నాను. మూడో రోజు సాయంత్రం, మా పెద్దమ్మగారి వీధి చివర తివాచీలు నేసే పాకలోకి వెళ్ళాను. అక్కడ నాకు బాగా చనువు. నిలువు మగ్గం ముందు పలక మీద అయిదుగురు వరసగా కూర్చుంటే, గళ్ళ తాత అని మేం పిలిచే ముసలాయన ఒక పక్కగా ముక్కాలి పీట మీద కూర్చుని, గళ్ళు గీసిన కాగితం చూస్తూ పాటలాగా పలికేవాడు: ఎరుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు రెండు. వాళ్ళు విన్నది విన్నట్టు ఊలు ముడులు వేసి కత్తితో కోసేవారు. నేసినంత మేరా కింది దూలానికి చుట్టుకుపోతుంది కాబట్టి, వాళ్ళ కళ్ళెదుట ఎప్పుడూ జానెడే ఉండేది. (ఒకడు చెబుతుంటే మిగతావాళ్ళు మారుమాట లేకుండా దింపుకోవడం చూస్తే నాకు మా తెలుగు క్లాసే గుర్తొచ్చేది. కాకపోతే వీళ్ళకి చివర తివాచీ వచ్చేది.)

తాతా, అర్థం ఉన్న పక్షి బొమ్మ ఏదైనా ఉందా అని అడిగాను. తాత నన్ను ఎగాదిగా చూసి, పెట్టె అడుగు నుంచి పాత కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. "మా నాయన నాటిది బాబూ. దొరలు అడిగి అడిగి నేయించుకునేవారు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకో, ఒక్క గడి కూడా తప్పకు" అని, మళ్ళీ ఎరుపు మూడులో పడిపోయాడు. ఆ కాగితంలో పక్షికి ఒకే రెక్క ఉంది. ఒక కన్ను, ఒక కాలు, సగం తోక. ముక్కు కూడా నిలువునా చీల్చినట్టు సగమే. ఎడమ వైపంతా గళ్ళు గళ్ళుగా కన్నులపండువగా ఉంటే, కుడి వైపు కాగితం అంచు.

నాకు అనుమానం రాకపోలేదు. కాని అప్పటికి నా అనుమానాల మీద నాకు నమ్మకం పోయింది. నాకు పక్షిలా కనిపించింది జీవాత్మ అయింది, జీవాత్మలా కనిపించింది అన్నం అయింది. కాబట్టి నాకు తప్పుగా కనిపిస్తోందంటే అది కచ్చితంగా ఒప్పే అయి ఉండాలి. పైగా దొరలు అడిగి నేయించుకున్నది. ఆ రాత్రీ మర్నాడూ కూర్చుని పెద్ద అట్ట మీద నీలం సరస్సు వేసి, దాని మీద ఏడు పక్షులు గడి తప్పకుండా ఎక్కించాను. ఏడింటికీ ఏడు రెక్కలు, ఏడు కళ్ళు, ఏడు కాళ్ళు.

ఇన్‌స్పెక్షను రోజు పొద్దున్నే అట్ట తీసుకెళ్ళాను. డ్రాయింగు మాస్టారు చూసి, "ఏవండీ..." అని ఆగిపోయారు. మళ్ళీ గీయించడానికి వ్యవధి లేదు. భావం మాస్టారు మాత్రం బొమ్మకి దగ్గరగా వచ్చి, దూరంగా వెళ్ళి, పొడుం పీల్చి, నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన నా మీద చెయ్యి వేయడం అదే మొదలు (కొట్టినవి లెక్కలోకి రావు). కనిపించే రెక్క కర్మ, కనిపించని రెక్క జ్ఞానం, వీడికి ఇన్నాళ్ళకి భావం తెలిసిందండీ అని డ్రాయింగు మాస్టారితో అన్నారు. నాకు ఏదో తెలిసినట్టే అనిపించింది.

ఇన్‌స్పెక్టరుగారు పెద్ద తలపాగాతో, గడియారం గొలుసుతో వచ్చారు. నేను పద్యం తప్పుల్లేకుండా చదివాను. ఆయన వినలేదు, బొమ్మే చూస్తున్నారు. రెండో రెక్క ఏదోయ్ అన్నారు. భావం మాస్టారు ముందుకొచ్చి కర్మ, జ్ఞానం ఎత్తుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు మర్యాదగా చెయ్యెత్తి, కుర్రవాణ్ణి చెప్పనివ్వమన్నారు. నాకు అబద్ధం ఆడేంత తెలివి కూడా మిగల్లేదు.

"తివాచీ తాత కాగితంలో అంతే ఉందండి" అన్నాను.

ఆయన తలపాగా చేత్తో పట్టుకుని మరీ నవ్వారు. వాళ్ళింట్లో ఏలూరు తివాచీ ఉందట, నేస్తుండగా చూశారట. నవ్వు ఆపుకుని చెప్పారు: రెండు పక్కలా ఒకేలా ఉండే బొమ్మకి ఆ కాగితం మీద సగమే గీస్తారు, కాగితం ఆ కొసకి వచ్చాక అదే వెనక్కి చదువుకుంటూ రెండో సగం నేస్తారు అని. అయిదుగురు నేతగాళ్ళకీ తెలుసు, తాతకి తెలుసు. ఏణ్ణర్థం నుంచి ఆ పాకలో కూర్చుంటున్న నాకే తెలియదు. క్లాసు గొల్లుమంది. భావం మాస్టారి ముఖం చూడలేకపోయాను. నన్ను చూసి కాదు, తన జ్ఞానం రెక్క అందరి ముందూ ఊడిపోయినందుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు గట్టు కనిపిస్తోంది, డబ్బా కనిపిస్తోంది.

అప్పుడు ఇన్‌స్పెక్టరుగారు, సరేలే, పద్యంలో పక్షులు ఎందుకు ఎగిరాయో అది చెప్పు అన్నారు. మాస్టారు ఆయన వెనక నిలబడి పెదవులతో 'మోక్షం' అంటున్నారు. డ్రాయింగు మాస్టారు తన కళ్ళ వైపు వేలు చూపిస్తున్నారు. నేను మోక్షమనే అనబోయాను, నిజం. నోరు తెరిస్తే ఇంకొకటి వచ్చింది.

"ఎవరో డబ్బా వాయించి ఉంటారండి. మా చేలో నేనే వాయిస్తానండి. అన్నీ ఒక్కసారే లేస్తాయండి. అలా లేచినప్పుడు ఇంక వాయించబుద్ధి కాదండి. చూస్తూ నిలబడిపోతానండి. ఈలోగా మళ్ళీ వాలిపోతాయండి. మా నాన్న తిడతాడండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరుగారు కూర్చోమని, పుస్తకంలో ఏదో రాసుకుని పక్క క్లాసుకి వెళ్ళిపోయారు. మంచి రాశారో చెడు రాశారో ఇవాళ్టికీ నాకు తెలియదు.

సాయంత్రం బడి వదిలాక భావం మాస్టారు నన్ను ఉండమన్నారు. చేతులు ముందే చాచి నిలబడ్డాను, దెబ్బలకి వీలుగా. ఆయన పొడుం తీశారు గాని పీల్చలేదు. వేళ్ళ మధ్యే ఉంచుకుని, "ఒక్కసారే లేస్తాయట్రా?" అని అడిగారు.

"అవునండి."

"చప్పుడవుతుందా?"

"అవుతుందండి. దుప్పటి దులిపినట్టుంటుందండి."

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఇరవై రెండేళ్ళుగా ఆ పద్యం చెబుతున్నానురా అన్నారు. పుట్టింది ఏలూరు, పెరిగింది ఏలూరు, బండి కడితే పూట ప్రయాణం. కాని ఆయన కొల్లేరు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట ఆయన నాతో చెప్పిన తీరుకి, చాచిన చేతులు ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

ఆ శనివారం మా బండి ఊళ్ళోకి వస్తే, మాస్టారు అటుకులూ బెల్లమూ గుడ్డలో మూట కట్టుకుని నాతో బండెక్కారు. ఇంటి ముందు ఆయన దిగడం చూసి మా నాన్నకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మాస్టారే స్వయంగా దిగబెట్టడానికి వచ్చారంటే ఇంక చదువు అయిపోయినట్టే అనుకున్నాడు. పాలు కాచి, అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టి, చేతులు కట్టుకుని, వీడు అన్నిట్లోనూ తప్పాడాండీ అని అడిగాడు. మాస్టారు, పక్షులు ఎక్కడ దిగుతాయండీ అని అడిగారు. నాన్న నా వైపు చూశాడు. నేను ఎటో చూశాను.

తెల్లారగట్ల ముగ్గురం చేలోకి వెళ్ళాం. నాన్న అవతలి గట్టుకి పోయాడు. మంచు దట్టంగా ఉంది. వెలుతురు కాస్త పలచబడేసరికి చేనంతా తెల్లగా కదులుతోంది, లేత మొలకల్లో వందల పక్షులు. నేను డబ్బా ఎత్తాను. మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు. అవతలి గట్టు మీంచి నాన్న వాయించరా అని కేకెయ్యబోయి, మాస్టారిని చూసి మింగేశాడు. అలా ఎంతసేపు నిలబడ్డామో. పక్షులు మాత్రం తమ పని ఆపలేదు. చివరికి మాస్టారు, ఊ, ఇప్పుడు అన్నారు. నేను ఒక్క దెబ్బ వేశాను. అన్నీ ఒక్కసారే లేచాయి. ఆ గాలికి మంచు చీలింది. మాస్టారి కండువా భుజం మీంచి జారి బురదలో పడింది, ఆయన చూసుకోలేదు. ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

నాకు పెద్ద పరీక్ష గుర్తొచ్చింది. ఇంతకంటే మంచి సమయం దొరకదని, "మాస్టారూ, ఇవి జీవాత్మలేనాండి?" అని అడిగాను.

"నోరు మూసుకుని చూడరా" అన్నారాయన.

పక్షులు ఆకాశంలో ఒక చుట్టు తిరిగి మళ్ళీ మా చేలోనే వాలాయి. వాయించనాండి అంటే, ఉండరా అన్నారు. ఆ పొద్దున్న ఆ మడిలో మొలక మిగల్లేదు. నాన్న మా బండి మలుపు తిరిగేదాకా చేతులు జోడించే నిలబడి, తరవాత ఒక మాట అన్నాడట. ఆ మాట ఇక్కడ రాయను.

సోమవారం క్లాసులో మాస్టారు ఆ పద్యమే తీశారు. కళ్ళు మూసుకుని "భావము" అన్నారు. కలాలు ముంచి కూర్చున్నాం. ఎంతకీ మాట రాలేదు. చాలాసేపటికి గొంతు సవరించుకుని, సరస్సు అనగా సంసారము అని మొదలుపెట్టి, పాత భావమే చెప్పి ముగించారు. నాకు మతిపోయింది. పెద్ద పరీక్షలో ఆ పద్యమే వచ్చింది. ఏది రాయాలో తేలక, ముందు సంసారమూ జీవాత్మా మోక్షమూ రాసి, కింద డబ్బా సంగతీ, మంచు సంగతీ, కండువా సంగతీ రాసి, రెండూ ఇచ్చేశాను. సరిగ్గా గట్టెక్కడానికి ఎన్ని మార్కులు కావాలో అన్నే వచ్చాయి, ఒక్కటి కూడా ఎక్కువ రాలేదు. పై సగం పక్కన మార్కులున్నాయి. కింది సగం పక్కన ఎర్ర సిరాతో మాస్టారి దస్తూరీ: "నిజమే. పరీక్షలో రాయకూడదు."

డబ్బా మా తమ్ముడి చేతికి పోయింది. నేను చదివి, విచిత్రంగా, తెలుగు మాస్టరునే అయ్యాను. తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్ళు, రైసుమిల్లుల ఊక గాల్లో ఎగిరే వీధిలో ఉన్న బడిలో, కళ్ళు మూసుకుని "భావము" అన్నాను. పొడుం ఒక్కటే అలవాటు కాలేదు. పిల్లల కాగితాల్లో ఎక్కడైనా డబ్బా చప్పుడు వినిపిస్తుందేమోనని వెతికేవాణ్ణి. నాలుగైదుసార్లు వినిపించింది. ఎర్ర సిరా తీసి మా మాస్టారు రాసిందే రాశాను, అంతకంటే ధైర్యం నాకూ లేకపోయింది.

మొన్న మా మనవరాలు తెచ్చిన అచ్చు పుస్తకంలో ఆ పద్యం ఉంది. పక్షులు జీవాత్మలు అనే ఉంది. ఇది నిజమేనా తాతయ్యా అని అడిగింది. నోరు మూసుకుని చూడమ్మా అందామని తల ఎత్తాను. కిటికీలోంచి ఎదురింటి గోడ కనిపించింది.

"రాసుకో అమ్మా" అన్నాను.